ఏడ్చి పలకరించే మనిషి

ఒకానొక రాజ్యంలో, సముద్రపు హోరు కోట గోడల దాకా వినబడే చోట, మార్తాండ భూపతి అనే రాజు ఉండేవాడు. రాజన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది. ఒకరికి గుర్రాలు, ఒకరికి యుద్ధాలు. ఈయనకు వింతలు.

కోటలో తూర్పు వైపున పెద్ద మండువా కట్టించి దానికి వింతశాల అని పేరు పెట్టాడు. లోకంలో ఏ మూల విడ్డూరం ఉందని విన్నా ఓడ పంపేవాడు. చప్పుడు వింటే కాళ్ళు బిగుసుకుని పడిపోయే మేక, నీళ్ళలో వేస్తే తేలే రాయి, గొడ్డలి దెబ్బల చప్పుడును అచ్చంగా అనుకరించే పిట్ట, పీనుగు కంపు కొట్టే నిలువెత్తు పువ్వు, అన్నీ అక్కడ కొలువుండేవి. ఆ పువ్వు విచ్చుకున్నప్పుడు మంత్రులు ముక్కులు మూసుకుని రాజకార్యాలు చూశారు. రాజుగారు మాత్రం ఆ కంపును గుండెల నిండా పీల్చి, "ఇలాంటి కంపు ఇంకే రాజుకైనా ఉందా?" అని మీసం దువ్వాడు.

ఆయన పంతం ఒకటే. తన శాలలో ఉన్నది తన రాజ్యంలో మరెక్కడా ఉండకూడదు. ఉందని తెలిస్తే ఆ పూటే దానికి ఉద్వాసన. ఒకసారి తెల్ల కాకిని బంగారు పంజరంలో పెట్టి ఊరంతటికీ చూపించాడు. ఎవరో చాకలి ఇంటి చూరు మీద మరో తెల్ల కాకి వాలిందని కబురొచ్చింది. అంతే, పంజరం తలుపు తీసి, "పో, నువ్వు ఊరకాకివి" అన్నాడు.

ఆ కొలువులో కొమ్మన అనే చతురుడు ఉండేవాడు. రాజును నవ్వించడం ఆయన ఉద్యోగం. వింతశాలకు వచ్చే అతిథులకు ఒక్కో వింత గురించి సరసంగా చెప్పడం ఆయనకు అంటగట్టిన వెట్టి. రోజూ పొద్దున్నే వెళ్ళి మేకకు మేత వేసి, పిట్టను పలకరించి వచ్చేవాడు.

ఒక తుఫాను తర్వాత జాలర్లు సముద్రంలో కొట్టుకొచ్చిన మనిషిని ఒడ్డుకు చేర్చారు. ఎక్కడో దూరపు దీవివాడు. వాడి భాష ఎవరికీ తెలియదు. గుండె మీద చెయ్యి వేసుకుని "ఇరాబు" అన్నాడు. అదే పేరనుకున్నారు. రాజు చూడడానికి వస్తే, ఇరాబు ఆయన చేతులు రెండూ పట్టుకుని, నేల మీద కూలబడి భోరుమన్నాడు.

రాజు పొంగిపోయాడు. "చూశారా! నా తేజస్సు భాష తెలియనివాణ్ణి కూడా కరిగించేసింది. ఇది కన్నీటి మర్యాద! ఇలాంటి మర్యాద పొందిన రాజు భూమ్మీద ఇంకొకడు లేడు. వీణ్ణి శాలలో ఉంచండి."

ఇరాబు పిట్ట పక్కన ఒక అరుగు మీద కూర్చునేవాడు. రాజు నెలకోసారి అతిథులను వెంటబెట్టుకుని వచ్చేవాడు. ఇరాబు ఏడ్చేవాడు. అతిథులు వింతపడేవారు. కొమ్మనకు మాత్రం ఒక అనుమానం ఉండిపోయింది. రోజూ వెళ్ళే తనను చూసి వాడు ఒక్కనాడూ ఏడవలేదు. చేత్తో గోడ మీద దీవి బొమ్మ గీసి, చేపలు పట్టడం అభినయించి, నవ్వేవాడు కూడా.

ఆ ఏడు వానాకాలంలో ఊరి మీద విషజ్వరం పడింది. ఇల్లిల్లూ కబళించింది. కొమ్మన భార్య లక్కమ మూడు రోజులు ఒళ్ళు కాలిపోతూ పడుకుని, నాలుగో రోజు తెల్లవారేసరికి చల్లబడిపోయింది.

సరిగ్గా ఆ ఏడే రాజుగారికి పట్టం కట్టి పాతికేళ్ళు నిండిన మహోత్సవం. "ఉత్సవాల ఏడాది ఊళ్ళో ఏడుపు వినబడితే అపశకునం. ఏడ్చినవాళ్ళకు కొరడా దెబ్బలు" అని దండోరా వేయించాడు. భటులు వీధి వీధికీ కాపలా తిరిగారు. పాడెల వెనక జనం నోళ్ళలో గుడ్డలు కుక్కుకుని నడిచారు. రాజులకు తోచే తెలివి ఇలాగే ఉంటుంది, నొప్పి పోవాలంటే మూలుగు ఆపమంటారు.

లక్కమకు కర్మ ముగిసిన మర్నాడే కొమ్మనకు కొలువు నుంచి పిలుపొచ్చింది. ఆ రోజు ఆయన చెప్పిన చమత్కారానికి సభంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఏం చెప్పాడో ఆయనకే గుర్తు లేదు.

సభ ముగిశాక, లక్కమ జ్వరపడ్డ నాటి నుంచి అడుగు పెట్టని వింతశాలకు వెళ్ళాడు. అరుగు మీదున్న ఇరాబు ఆయన్ను చూసి లేచి వచ్చాడు. చేతులు రెండూ పట్టుకున్నాడు. కూర్చోబెట్టి, భుజం మీద తల పెట్టి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

కొమ్మనకు అప్పుడు అర్థమైంది. ఇది భక్తీ కాదు, తేజస్సూ కాదు. పెద్ద ఆపద దాటి మనిషి మొహం చూసినా, చాలా రోజులు కనబడని మనిషి మళ్ళీ కనబడినా, ఆ దీవిలో ఇలా పలకరిస్తారు. "ఇన్నాళ్ళూ ఏమైపోయావు? నీకేమైంది? నాకేమైందో తెలుసా?" ఇవన్నీ ఆ ఏడుపులోనే అడిగేస్తారు. లక్కమ పోయాక తనను ఆ మాట అడిగిన మొదటి మనిషి వీడే. కొమ్మనకు ఏడుపు తన్నుకొచ్చింది. గుమ్మంలో భటుడు కొరడా పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఏడవడానికి సెలవు వింతకే గానీ ఊరికి లేదు. మింగేశాడు.

వానలు వెనకబట్టాక ఇరాబు తిండి మానేశాడు. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది. సముద్రం వైపు గోడకు చెవి ఆనించి కూర్చునేవాడు. ఎముకలు లెక్కపెట్టేలా చిక్కిపోయాడు.

ఆ రోజుల్లోనే రేవుకు ఒక పెద్ద ఓడ వచ్చింది. దాన్ని నడిపే సరంగు వింతశాల చూడడానికి వచ్చి, ఇరాబును చూసి ఉలిక్కిపడ్డాడు.

"అయ్యా, వీళ్ళ దీవి నాకు తెలుసు. మంచినీళ్ళ కోసం ఆగుతుంటాం. నాలుగు రోజుల్లో నా ఓడ అటే పోతోంది. వీణ్ణి నాతో పంపించండి" అన్నాడు.

"తర్వాతి ఓడకు పంపితే?" అన్నాడు కొమ్మన.

సరంగు ఇరాబు వంక చూసి తల అడ్డంగా ఊపాడు. "గాలి మళ్ళిందంటే మళ్ళీ ఏడాదికి గానీ అటు ఓడ పోదు. ఈ మనిషికి ఏడాది లేదయ్యా."

కొమ్మన తిన్నగా రాజు దగ్గరికి వెళ్ళాడు. చమత్కారాలేవీ లేకుండా చేతులు జోడించి అడిగాడు. "ప్రభూ, ఆ దీవి మనిషిని వదిలిపెట్టండి. బెంగతో చచ్చిపోతున్నాడు."

రాజుకు కోపం వచ్చింది. "వాణ్ణి వదిలేస్తే ఇక నన్ను చూసి ఏడ్చేదెవడు?"

ఈ ప్రశ్నకు జవాబు ఊరంతా ఉంది. ఆ జవాబును మోసుకుంటూ కొమ్మన ఇంటికి వచ్చేశాడు. లక్కమ ఉంటే, "బుర్ర తిన్నగా పని చెయ్యకపోతే వంకరగా పని చేయించండి, అదేగా మీ విద్య" అనేది. వంట లేని ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని ఆయన చాలాసేపు ఆలోచించాడు.

మర్నాడు సభ కొలువుతీరాక లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, ఒక సందేహం. తమకు పౌరులు పెట్టే దండం గొప్పదా, దీవి మనిషి చేసే మర్యాద గొప్పదా?"

"అందులో సందేహమేముంది? వాడిదే గొప్పది."

"మరి దిక్కూ మొక్కూ లేని దీవివాడికి ఉన్న భక్తి, తమ ఉప్పు తినే ఊరికి లేకపోయిందే! ఎల్లుండి ఉత్సవానికి పొరుగు రాజులు వస్తున్నారు. ఊరేగింపులో మన జనం పొడి కళ్ళతో నిలబడి ఉంటే, 'వీళ్ళకంటే ఆ అడవి మనిషే నయం' అని నవ్వుకోరూ?"

రాజు చెయ్యి మీసం మీదకు వెళ్ళి అక్కడే ఆగింది. "నిజమే సుమా. ఏం చేద్దాం?"

"ఏలినవారు ఆజ్ఞ ఇస్తే ఊరు ఏడవదా?"

సాయంత్రానికి దండోరా మోగింది. "ఎల్లుండి ప్రభువులవారి అంబారీ కనబడగానే ప్రతివాళ్ళూ నేల మీద కూర్చుని, పక్కవాళ్ళ చేతులు పట్టుకుని, దీవి మనిషి మాదిరి ఏడవాలహో! ఏడవనివాళ్ళకు కొరడా దెబ్బలహో!"

"మొన్న ఏడిస్తే కొడతామన్నారు, ఇప్పుడు ఏడవకపోతే కొడతారట. మన వీపులేం పాపం చేశాయిరా?" అని జనం గొణుక్కున్నారు. అంగళ్ళలో ఉల్లిపాయలకు గిరాకీ పెరిగింది.

ఉత్సవం రోజు రానే వచ్చింది. అంబారీ మీద రాజు, వెనక ఏనుగుల మీద పొరుగు రాజులు, పక్కన నడుస్తూ కొమ్మన. మొదటి వీధిలో జనం కూర్చుని కళ్ళకు ఉమ్ము రాసుకుని "ఊఁ, ఊఁ" అన్నారు. ఒకడు పక్కవాణ్ణి గిల్లి ఏడిపించాడు. రాజు చిరునవ్వుతో తలాడిస్తూ ముందుకు సాగాడు.

మంగళవీధి మలుపులో మంత్రసాని అచ్చమ్మ కూర్చుని ఉంది. ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసిన మనిషి. ఆమె ఎదుట, చేతులు పట్టుకుని, ఆమె కోడలు. ఇద్దరూ ముందు అందరిలాగే దొంగ ఏడుపు ఏడ్చారు. ఉన్నట్టుండి కోడలి గొంతు మారింది.

"అత్తా, ఆఖర్న మంచినీళ్ళు అడిగాడత్తా! నేను తెచ్చేలోగా పోయాడు!"

"నా కొడుకా! నా చేతుల్లో పుట్టి నా చేతుల్లోనే పోయావా కొడుకా!" అని అచ్చమ్మ గుండె బాదుకుంది.

ఆ కేక వీధిలో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది. ఎవరి పేర్లు వాళ్ళు పిలిచారు. తండ్రిని, చెల్లెల్ని, పురిటి బిడ్డను. భటులు కొరడాలు కింద పడేసి తామూ కూర్చున్నారు. వానాకాలం నుంచి ఊరు దిగమింగిందంతా ఒక్కసారి బయటికి వచ్చింది. ఏనుగు ముందుకు కదలక ఆగిపోయింది.

కొమ్మన కూడా ఉన్నచోటే నేల మీద కూర్చున్నాడు. పక్కన ఎవరో ముక్కూమొహం తెలియని రైతు ఆయన చేతులు పట్టుకున్నాడు. "లక్కమా" అన్నాడు కొమ్మన. ఇంకేం మాట రాలేదు. నోరు తెరిచి పసివాడిలా ఏడ్చాడు.

అంబారీ మీద రాజు ఇటూ అటూ చూశాడు. వేల మందిలో ఒక్కరు కూడా ఆయన వంక చూడడం లేదు.

మర్నాడు సభలో కొమ్మనను పిలిపించాడు. మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు. "వాళ్ళు నన్ను చూసి ఏడవలేదు, కొమ్మనా."

"లేదు ప్రభూ. జ్వరానికి పోయినవాళ్ళ కోసం ఏడ్చారు."

"నా ఆజ్ఞ అది కాదే!"

"ఏడవమని తమ ఆజ్ఞ. ఎవరి కోసమో దండోరాలో చెప్పలేదు."

"పొరుగు రాజుల ముందు నన్ను నవ్వులపాలు చేశావు!"

"నవ్వులా? ఊళ్ళో నిన్న నవ్విన మనిషిని ఒక్కణ్ణి చూపించండి, నా తల తీయించండి. పొరుగు రాజులు కూడా కళ్ళు తుడుచుకునే వెళ్ళారు." కొమ్మన ఒక అడుగు ముందుకు వేశాడు. "ఇంకొక మనవి. తమ శాలలో ఉన్నది ఊళ్ళో ఇంకొకటి ఉంటే తమరు దాన్ని ఉంచరు కదా? నిన్న ప్రతి గడపలోనూ ఒక ఇరాబును చూశాం. ఇక వాడు వింత ఎలా అవుతాడు ప్రభూ?"

  రాజు సింహాసనం చేతి మీద చరిచి పగలబడి నవ్వాడు. "నా తాడుతో నన్నే కట్టేశావురా! నేను ఆజ్ఞ ఇవ్వడం, నా వింత ఊడిపోవడం!" నవ్వీ నవ్వీ ఉన్నట్టుండి ఆగాడు. "జ్వరానికి అంతమంది పోయారా?" అని మెల్లగా అడిగాడు. 

మెడలోని ముత్యాల హారం తీసి కొమ్మనకు ఇచ్చాడు. ఇరాబును ఆ క్షణమే వదిలేయమన్నాడు. "ఇంకేం కావాలో కోరుకో" అంటే, ఇక ఏడుపుకు కొరడా అడ్డు రాకూడదని కొమ్మన కోరాడు. రాజు ఒప్పుకున్నాడు.

అప్పటికప్పుడే కొమ్మన ఇరాబును రేవుకు నడిపించుకుపోయాడు. ఓడను చూడగానే వాడి కాళ్ళకు బలం వచ్చింది. కొమ్మన నిచ్చెన దగ్గర ఆగి రెండు చేతులూ చాచాడు. భుజం మీద తల పెట్టి ఏడుస్తాడని ఎదురుచూశాడు. ఏడవాలని ఆయనకూ ఉంది.

ఇరాబు ఏడవలేదు. కొమ్మన అరచేతిని దగ్గరికి తీసుకుని దాని మీద మెల్లగా ఊపిరి ఊదాడు. తరువాత నిచ్చెన ఎక్కి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

కొమ్మన మనసు చివుక్కుమంది. "వీడికి నేనంటే ఇంతేనా?" అన్నాడు.

తెరచాప తాళ్ళు విప్పుతున్న సరంగు విని అన్నాడు: "అలా అనుకోకండయ్యా. వాళ్ళు విడిపోయేటప్పుడు ఏడవరు. ఆ ఏడుపు దాచుకుంటారు. మళ్ళీ కలిసినప్పుడు ఏడవాలి కదా, అందుకని."

ఓడ చిన్నదై కనుమరుగైంది. ఆ తరువాత ఏటా గాలి మళ్ళి ఓడలు వచ్చే రోజుల్లో, ముసలితనంతో కొలువు మానుకున్నాక కూడా, కొమ్మన కర్ర పట్టుకుని రేవుకు వెళ్ళి దిగేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసేవాడు. కథలన్నీ కంచికి పోతాయి, విన్నవాళ్ళు ఇళ్ళకు పోతారు. కొమ్మన మాత్రం దాచుకున్న ఏడుపుతో రేవు దాకానే పోయేవాడు.