సూరమ్మకు సాయంత్రంలోగా పూలు

అనగనగా, గుర్రాలకన్నా పావురాలకే ఎక్కువ పని ఉండే రోజుల్లో, మణిగిరి రాజ్యాన్ని ఉదయవర్మ అనే రాజు ఏలేవాడు. ఒక పొద్దున ఆయనకు కబురొచ్చింది. తనను ఎత్తుకుని పెంచిన దాది సూరమ్మ ఆ సాయంత్రమే పడవెక్కి కాశీకి పోతోందట.

ఆ రోజుల్లో కాశీకి పోవడమంటే మాటలు కాదు. తిరిగొస్తే అదృష్టమే. అందుకే సూరమ్మ ఉండే పూసలవాడలో ఒక ఆచారం ఉండేది. కాశీకి పోయేవాళ్ల ఒడిలో బిడ్డలు పూలు పోసి సాగనంపాలి. సూరమ్మకు కన్నబిడ్డలు లేరు, ఉన్నదల్లా ఈ పెంచిన బిడ్డే. ఆయన పూలు అందకపోతే ఆ ముసలావిడ అందరి ముందూ ఖాళీ ఒడితో పడవెక్కాలి.

రాజు నగరంలోని పూల వర్తకుడు ధనగుప్తుణ్ణి పిలిపించాడు.

"సాయంత్రంలోగా పూసలవాడకు సంపెంగలు చేరాలి."

"ప్రభూ, అది రెండు రోజుల దారి. ఇక్కడి పూలు అక్కడికి చేరేసరికి పశువులు కూడా ముట్టవు," అన్నాడు ధనగుప్తుడు. "పూలు పోలేకపోయినా మాట పోగలదు. ఆ ఊళ్లో మంగతాయి అని పూలమ్మే మనిషి ఉంది. ఆమెకు పావురాన్ని పంపుతాను. అక్కడి పూలే అక్కడ అందిస్తుంది."

మధ్యాహ్నానికి పావురం మంగతాయి గుమ్మం మీద వాలింది. "సూరమ్మకు సంపెంగలు. పడవ కదిలేలోగా. రాజుగారి మాట," అంది రొప్పుతూ.

మంగతాయి వెంటనే బుట్ట అందుకుంది. పావురం ఆమె భుజమెక్కింది.

ఆమె మొదట సంపెంగ తోటకు వెళ్లింది. తోటమాలి చేతులెత్తేశాడు. "పెద్దింట్లో పెళ్లి తల్లీ. తెల్లారకముందే అంతా కోసుకుపోయారు. మొగ్గ కూడా మిగల్లేదు."

తర్వాత బజారుకు వెళ్లింది. అక్కడ వీరభద్రయ్య కొట్లో సంపెంగలున్నాయి, కాకపోతే నిన్నటివి. ఆయన వాటిమీద నీళ్లు చల్లి నవ్వాడు. "ఇప్పుడు చూడు, ఎలా నవనవలాడుతున్నాయో. రాజు రెండు రోజుల దూరంలో ఉన్నాడు. వచ్చి చూస్తాడా ఏమిటి?"

"రాజు చూడడు. సూరమ్మ చూస్తుంది," అంది మంగతాయి.

"తీసుకో తాయీ, పేరుకు సంపెంగలే కదా. పొద్దు వాలుతోంది," అని పావురం ఆమె చెవిలో గొణిగింది.

"నిన్నటి పూలను ఇవాళ్టివని చెప్పే నోరు నాకు లేదు. పద," అని ఆమె ఊరి బయటి గుట్టకేసి పరుగుపెట్టింది.

ఆ గుట్టమీద తంగేడు విరగబూసి ఉంది. రాళ్లకు కాళ్లు గీరుకుపోతున్నా ఆగకుండా బుట్ట నిండేదాకా కోసింది. రేవుకు చేరేసరికి పడవ తాడు విప్పేశారు. మిగతావాళ్ల ఒడుల నిండా పూలే. సూరమ్మ మాత్రం తన ఖాళీ ఒడిలో చేతులు పెట్టుకుని తల వంచుకుని కూర్చుంది.

మంగతాయి బుట్ట నెత్తిన పెట్టుకుని నడుం లోతు నీళ్లలోకి దిగింది. పడవవాడు విసుక్కుంటూనే గడ వేసి పడవ నిలిపాడు. ఆమె పూలన్నీ సూరమ్మ ఒడిలో పోసింది.

"అవ్వా, నీ బిడ్డ సంపెంగలు పంపమన్నారు. ఎంత తిరిగినా దొరకలేదు. ఇవి గుట్టమీది తంగేడు పూలు, ఇప్పుడే కోశాను. ఎంచింది నేను, పంపింది మాత్రం ఆయనే."

సూరమ్మ దోసిలి నిండా పూలు తీసుకుని కళ్లకద్దుకుంది. ఆవిడకు ఏడుపు ఆగలేదు.

"కోటలో నేను చూడని సంపెంగలా తల్లీ? వాడికి పొద్దున కబురందింది, సాయంత్రానికి నా ఒడి నిండింది. ఇంక కాశీ ఎంత దూరమైతేనేం," అంది.

పావురం తిరిగి వెళ్లి రాజుకు జరిగిందంతా చెప్పింది. తానిచ్చిన సలహా సంగతి మాత్రం కాస్త నెమ్మదిగా చెప్పింది. అడిగిన పూలు మారిపోయినందుకు ధనగుప్తుడు క్షమించమని చేతులు జోడించాడు.

"నేను పక్కన నిలబడి చూస్తున్నా మంగతాయి ఇంతకన్నా బాగా చేసి ఉండేది కాదు," అన్నాడు రాజు.

ఏడాది తర్వాత సూరమ్మ కాశీనుంచి క్షేమంగా తిరిగొచ్చింది. రాజు మళ్లీ పావురాన్ని పంపాడు. ఈసారి ఏ పువ్వు పేరూ చెప్పలేదు. "సూరమ్మకు పూలు. ఏవన్నది మంగతాయి ఇష్టం," అని మాత్రమే చెప్పి పంపాడు.

పిల్లలూ, పని చెప్పినవారు చూడని చోట కూడా నిజాయితీగా పని చేసేవారికే నిండు నమ్మకం దక్కుతుంది.