దీవెన ముగియలేదు నాయనా!

డెబ్బై ఏళ్లు దాటినా నూకాలమ్మ రోజూ సైనికుల తాలింఖానాకు వచ్చి కర్రసాము చేసేది. కొత్త సేనాపతి గజసింహుడికి అది కంటగింపయింది.

"ముసలమ్మా! రేపట్నుంచి ఇక్కడ కనిపించకు."

"నాతో కర్ర తిప్పు నాయనా. ముందు నేల కరిచినవాళ్లు రెండోవాళ్ల మాట వినాలి."

సేనాపతి పకపకా నవ్వి బరిలోకి దిగాడు. పోటీకి ముందు చిన్నవాళ్లు పెద్దవాళ్ల కాళ్లకు దణ్ణం పెట్టాలనీ, దీవెన ముగిసేదాకా లేవకూడదనీ అక్కడి ఆచారం. పాపం, బొజ్జను మడిచి ఎలాగో వంగాడు.

"నువ్వు చల్లగుండాలి, నీ ఆవిడ చల్లగుండాలి, నీ ఏనుగు చల్లగుండాలి, దాని మావటి చల్లగుండాలి..."

మావటి అత్తగారి దాకా వచ్చేసరికి మోకాళ్లు వణికి, సేనాపతి దభీమని బోర్లాపడ్డాడు.

"దణ్ణానికే పడితే శత్రువు దెబ్బకేం నిలబడతావు?" అంది నూకాలమ్మ. "పొద్దున్నే నాతోపాటు రా, ముందు వంగడం నేర్పిస్తా."