రాకాసి గుండ్లలో ఒక రాయి

“గురువుగారూ, తప్పు ఒప్పుకున్నాక కూడా మనసు ఎందుకు తేలికపడదు?” అని అడిగాడు శిష్యుడు శరభయ్య.

పరదేశయ్యగారు అప్పుడు ఆశ్రమం ఆవుల కొట్టం ముందు నిలబడి ఉన్నారు. కొట్టానికి గడపగా వేసిన పొడవాటి రాయి ఊరవతల మిట్ట మీది రాకాసి గుండ్లలోది. ఏ కాలపు మనుషులో తమవాళ్ళను పూడ్చిన చోటు చుట్టూ వలయంగా పాతిన పదిహేడు రాళ్ళలో అదొకటి. ఆయన ఊళ్ళో లేని రోజుల్లో శరభయ్య రెండు జతల ఎద్దులను కట్టి దాన్ని పెకలించి తెచ్చాడు. గురువుగారు తిరిగి రాగానే కాళ్ళ మీద పడి ఒప్పుకున్నాడు కూడా.

“ముందు ఎక్కడిది అక్కడ పెట్టి రా” అన్నారాయన.

రాయిని మిట్ట మీదికి చేర్చడానికే ఒక పూట పట్టింది. జీతగాళ్ళిద్దరు మోకులు బిగబట్టినంతసేపూ గుంతలో నిలబడేది, మోకు వదులైతే ఒరిగిపోయేది. అక్కడ మేకలు మేపుకుంటున్న వడ్డెర ముసలామె సాయవ్వ దగ్గరికి వచ్చి చూసింది.

“ఏటేటా మా పెద్దలకు ఈడనే బువ్వ పెడ్తం. ఎవడు పీకిండయ్యా దీన్ని?”

“ఎవరో, అవ్వా” అన్నాడు శరభయ్య. మోకులు పట్టుకున్న ఇద్దరూ తలలు దించుకున్నారు.

సాయవ్వ గుంతలోకి తొంగి చూసింది. పెకలించిన నాడు చెల్లాచెదురైన రాతి చెక్కలను ఏరి తెమ్మంది. ఆ రాయి కదలకుండా వెనకటివాళ్ళు దాని అడుగున దట్టించిన చెక్కలవి. గుంత పక్కన బోర్లా పడుకుని, శరభయ్య ఒక్కొక్కటే అందిస్తుంటే ఏది ఏ సందులో పడుతుందో వేళ్ళతో తడిమి ఇరికించింది. చెయ్యి గీరుకుపోయి నెత్తురు కారింది. కొంగుతో తుడుచుకుని మళ్ళీ చెయ్యి చాచింది. ఆ చేతి వంక చూడలేకపోయాడు శరభయ్య.

“అవ్వా, పీకింది నేనే” అన్నాడు చివరికి.

“ఎరికే. ఈడ్చిన జాడ మీ కొట్టం దాకనే ఉన్నది” అంది ఆమె తల ఎత్తకుండానే. “ఇంకో చెక్క ఇయ్యి.”

పొద్దు వాలే వేళకు రాయి నిలబడింది, మునుపటికన్నా కాస్త ఒరిగే. శరభయ్య తిరిగి వచ్చి, ఆడిన అబద్ధంతో సహా అంతా చెప్పి, తల వంచుకుని నిలబడ్డాడు.

పరదేశయ్యగారు మెల్లగా అన్నారు:

“నా దగ్గర ఒప్పుకోవడం తేలికే, నాయనా. ఆ రాయి నాది కాదు కదా.”