నిండుగా పోసిన కాఫీ

తన క్లాసులోంచి మతర్‌ను తీసెయ్యమని అడగడానికి కూర్మనాథ్ ఆ ఉదయం దస్తగిరి మాస్టారి గదికి వచ్చాడు.

ఎమిరేట్స్ తూర్పు తీరంలో ఒక రేవు పట్టణం అది. రేవులో పనిచేసే స్థానికులకు ఇంగ్లిష్ నేర్పే చిన్న శిక్షణ కేంద్రంలో ఇద్దరూ ఉపాధ్యాయులు. దస్తగిరి మాస్టారిది కడప. అక్కడికి వచ్చి ఇరవై ఆరేళ్లయింది. కూర్మనాథ్‌ది శ్రీకాకుళం. వచ్చి నాలుగు నెలలే. యూనివర్సిటీలో ఇంగ్లిష్‌కి బంగారు పతకం అందుకున్నవాడు. దిగిన రోజు విమానాశ్రయంలో అతని ఉచ్చారణ విని ఒక తెల్లాయన, లండన్‌లో చదువుకున్నారా అని అడిగాడట. ఆ సంగతి మాస్టారికి రెండుసార్లు చెప్పాడు.

మాస్టారు శుక్రవారం శుక్రవారం అతన్ని ఇంటికి పిలిచి అన్నం పెట్టేవారు. పాఠం ఎలా చెప్పాలో మాత్రం ఏనాడూ చెప్పలేదు. అడిగితే నవ్వి ఊరుకునేవారు.

"ఎందుకు నాయనా తీసేయడం?" అన్నారు మాస్టారు.

"నోరు విప్పడండీ. మూడు నెలలైంది. అందరికంటే ముందొచ్చి వెనక వరసలో కూచుంటాడు. అడిగితే నా వంక చూస్తాడు. అంతే."

మతర్‌కు యాభై ఏడేళ్లు. పెద్ద పెద్ద ఓడలకు మోకు కట్టి జాగ్రత్తగా రేవులోకి లాక్కొచ్చే టగ్ బోటు నడుపుతాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పని. ఇప్పుడు కొత్త నిబంధన వచ్చింది. వైర్‌లెస్‌లో మాట్లాడే ప్రతివాడూ ఇంగ్లిష్‌లో మాట్లాడే పరీక్ష పాసవ్వాలి. కానివాళ్లకు జీతం తగ్గించరు. బోటు మాత్రం తీసేసుకుని ఒడ్డున ఆఫీసులో కుర్చీ వేస్తారు. పరీక్షకు ఇంకా ఆరు వారాలుంది.

"వీళ్లకి చదువెందుకండీ?" అన్నాడు కూర్మనాథ్. "ఇంటి ముందు మూడేసి కార్లు. నేర్చుకోకపోయినా గడిచిపోతుంది. అవసరం లేనివాడికి ఎవరు నేర్పగలరు?"

"మొదటి రోజన్నా మాట్లాడినాడా?"

"మాట్లాడాడండీ. పోర్ట్ అనమంటే బోర్ట్ అన్నాడు. వాళ్ల భాషలో 'ప' లేదు కదా. ఏడుసార్లు అనిపించాను."

"వచ్చిందా?"

"లేదండీ. ఏడుసార్లూ బోర్ట్ అనే అన్నాడు. కుర్రాళ్లు నవ్వారు. ఆనాటి నుంచీ ఇంతే."

"ఎవరా కుర్రోళ్లు?"

"అతని బోటు మీద పనిచేసేవాళ్లే. అతనే వాళ్లకి పని నేర్పాడంట."

మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"రేపు నీ క్లాసు నేను తీసుకుంటా. నువ్వు వెనక కూచో," అన్నారు.

మర్నాడు మాస్టారు పుస్తకం తేలేదు. పొడవాటి ముక్కున్న ఇత్తడి కాఫీ కూజా, చేతిపిడి లేని చిన్న చిన్న పింగాణీ కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టారు. కూజా మూత తియ్యగానే యాలకుల వాసన గదంతా కమ్ముకుంది. తెల్లటి పొడుగు అంగీలు వేసుకున్న పదకొండు మందీ తలలెత్తారు.

"ఈ రోజు మీరు నా అతిథులు," అన్నారు ఇంగ్లిష్‌లో. అంతే, ఇంక మాట్లాడలేదు.

కుడి చేత్తో కూజా పట్టుకున్నారు. ఎడమ చేత్తో కప్పు తీసుకున్నారు. అంచుదాకా, పొర్లేటట్టు నింపారు. తలుపు పక్కన కూచున్న అందరికంటే చిన్నవాడికి ఆ కప్పు ఎడమ చేత్తోనే అందించారు.

ఆ కుర్రవాడి ముఖం పాలిపోయింది. కప్పు అందుకున్నాడు గానీ తాగలేదు. వెనక్కి తిరిగి మతర్ వంక చూశాడు.

మాస్టారు రెండో కప్పూ అలాగే నింపారు. ఆయనకు వయసు మీదపడిందేమోనని కూర్మనాథ్‌కు ఒక్క క్షణం అనిపించింది. సిగ్గుతో తల వంచుకున్నాడు.

"టీచర్," అన్నారెవరో. చాలా చిన్న గొంతు. "నో."

"నో?" అన్నారు మాస్టారు. "వై నో?"

"హ్యాండ్, టీచర్. దిస్ హ్యాండ్. నాట్ దట్ హ్యాండ్."

"నాట్ ఫుల్," అన్నాడు ఇంకొకడు. ఆగలేకపోయాడు. "ఫుల్ ఈజ్ బ్యాడ్. వెరీ బ్యాడ్."

"ఫస్ట్ ఓల్డ్ మ్యాన్. నాట్ హిమ్. హీ ఈజ్ బేబీ."

ఒకరి మాట మీద ఒకరు పడుతున్నారు. మూడు నెలలుగా యెస్, నో తప్ప పలకని మనుషులు. మాట దొరకని చోట చేతులు చూపిస్తున్నారు. ఒకడు పక్కవాణ్ని ఇంగ్లిష్‌లోనే సరిదిద్దుతున్నాడు. కూర్మనాథ్ తలెత్తాడు. ఈ గొంతులు ఇన్నాళ్లూ ఈ గదిలోనే ఉన్నాయా?

మాస్టారు చేతులు మార్చుకోబోయి మళ్లీ తడబడ్డారు. కాఫీ బల్ల మీద ఒలికింది. కూజా పట్టుకుని ఏం చెయ్యాలో తెలియని మనిషిలా నిలబడిపోయారు.

వెనక వరసలో కుర్చీ కదిలింది.

మతర్ లేచాడు. కంగారేమీ లేకుండా నడిచి ముందుకు వచ్చాడు. అతను దాటిన ప్రతి వరసలోనూ మాటలు ఆగిపోయాయి. కాళ్లు చాచుకుని కూచున్నవాళ్లు సర్దుకుని కూచున్నారు. మాస్టారి చేతిలోంచి కూజా తీసుకున్నాడు.

"సిట్, టీచర్," అన్నాడు. గొంతు గరుకుగా ఉంది. "ఐ టీచ్ యూ."

మాస్టారు వెళ్లి ఖాళీ కుర్చీలో కూచున్నారు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నారు, బడిలో చేరిన మొదటి రోజులాగా.

మతర్ ఎడమ చేత్తో కూజా ఎత్తాడు. సన్నటి ధార, బంగారు రంగు ధార, కుడిచేతిలోని కప్పులోకి జారింది. కప్పు అడుగు తడిసేంత పోసి ఆపాడు. ఒక్క చుక్క బయట పడలేదు. కొండంత ఓడను రేవు గోడకు తగలకుండా ఆపే చేతులవి. కొంచెం వంగి మాస్టారికి అందించాడు.

"స్మాల్ కాఫీ, స్టే," అన్నాడు. "ఫుల్ కాఫీ, గో."

"వై?" అని అడిగారు మాస్టారు.

మతర్ ఆలోచించాడు. ఎవరూ తొందరపెట్టలేదు. ఒక్కొక్క మాటే ఎక్కడో లోతునుంచి పైకి లాగుతున్నట్టు చెప్పాడు.

"స్మాల్... బికాజ్ ఐ వాంట్ గివ్ అగైన్. అండ్ అగైన్. సో గెస్ట్ సిట్ లాంగ్ టైమ్. లాంగ్ టైమ్ విత్ మీ."

ఎవరూ నవ్వలేదు. అది కూర్మనాథ్ నేర్పిన వాక్యం కాదు. అతని పుస్తకాల్లో ఎక్కడా లేదు.

గంట అయ్యాక ఇద్దరూ వరండాలోకి వచ్చారు. దూరంగా రేవులో ఎండ మిలమిలలాడుతోంది.

"ఇరవై ఆరేళ్లుగా ఇక్కడున్నారు మాస్టారూ. వాళ్ల పెళ్లిళ్లకీ పండగలకీ వెళ్తారు. మీకు కాఫీ పొయ్యడం రాదా అండీ?"

"ఇప్పుడొచ్చు."

"అంటే?"

"వచ్చిన కొత్తలో నా విద్యార్థులను ఇంటికి పిలిచి ఇట్లనే పోసినా నాయనా. నిండుగా, ఎడం చేత్తో. తాగేసి లేచి పోయినారు. ఒక్కరూ ఏమీ అనలే. పంతులు గదా, ఎట్ల చెప్తారు?" మాస్టారు కూజాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "మూడేండ్లు పట్టింది నాకు తెలిసేదానికి."

ఆయన కప్పులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. కూర్మనాథ్ అక్కడే నిలబడ్డాడు.

ఆరు వారాల తర్వాత మతర్ పరీక్ష గట్టెక్కాడు. బోటు అతనిదిగానే ఉండిపోయింది. కానీ కూర్మనాథ్‌కు ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ పరీక్ష కాదు. దస్తగిరి మాస్టారు కాఫీ పోసిన మర్నాటి ఉదయం.

ఆ ఉదయం అతను బల్ల వెనక నిలబడలేదు. కుర్చీ లాక్కుని వెళ్లి మతర్ ఎదురుగా కూచున్నాడు. ఆ గదిలో మొట్టమొదటిసారి, తనకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి తేలిక ఇంగ్లిష్‌లో అడిగాడు.

"పొగమంచు కమ్మితే, ఏ దీపమూ కనబడకపోతే, నేల దగ్గరపడిందని మీకెలా తెలుస్తుంది?"

మతర్ అతని వంక చూశాడు. చాలాసేపు చూశాడు. అంతసేపూ కూర్మనాథ్ మాట అందించలేదు.

"ఫస్ట్," అన్నాడు మతర్, "స్మెల్. ల్యాండ్ హావ్ స్మెల్. ఎవ్రీ ల్యాండ్, డిఫరెంట్."

కూర్మనాథ్ కుర్చీ ఇంకొంచెం ముందుకు జరుపుకున్నాడు.

"అండ్ దెన్?" అన్నాడు.