ఓడిపోవడానికి వెళ్లిన జెట్టి

ఒక రాజ్యంలో బొప్పన అనే జెట్టి ఉండేవాడు. కుస్తీలో అతన్ని ఇంతవరకు ఎవరూ ఓడించలేదు.

వసంతం రాగానే రాజు కోట ముందు గోదా తవ్వించి, ఊరూరా డప్పు వేయించేవాడు. బొప్పనతో తలపడే మొనగాడు ఎవడైనా ఉంటే రావచ్చని చాటింపు. నాగలి పట్టే కుర్రవాళ్లు వచ్చేవారు, సైన్యంలో కొలువు కోరేవాళ్లు వచ్చేవారు. బొప్పన వాళ్లను వెల్లకిలా పడేసి, చెయ్యిచ్చి తానే లేపి, వీపు మీద మట్టి దులిపి పంపేవాడు. జనం ఈలలు వేసేవారు.

సముద్రం ఒడ్డున కాటన అనే మరో జెట్టి ఉన్నాడు. బొప్పనకు సరిజోడు అతనొక్కడేనని తెలిసినవాళ్లు అనేవారు. అతను మాత్రం ఏ ఏడూ రాలేదు. ఒకసారి మోకాలు పట్టేసిందని కబురు వచ్చింది. ఇంకోసారి తల్లికి బాగాలేదన్నారు. తర్వాత కబురు కూడా రావడం మానేసింది.

“భయపడ్డాడు” అన్నారు జనం. కోటలో పాటగాళ్లు ఆ మాట మీద పాట కట్టారు. బొప్పన పేరు వింటే కాటన పడవెక్కి పారిపోతాడని ఆ పాట. వీధిలో పిల్లలు పాడుతుంటే బొప్పన నవ్వుకునేవాడు.

ఒకనాడు అంగడిలో ఎండుచేపలు అమ్మే ఆవిడ ఆ పాట విని మొహం చిట్లించింది. “ఇదే పాట మా తీరంలోనూ పాడతారు. కాకపోతే అక్కడ పారిపోయేది కాటన కాదు, బొప్పన. అదీ పడవెక్కి కాదు, గుర్రమెక్కి.”

“ఎవరు కట్టారు ఆ పాట?” అని అడిగాడు బొప్పన.

ఆవిడ తలెత్తింది. కుస్తీ పట్లలో నలిగి ముద్దలైపోయిన అతని చెవులను చూసింది. గంప సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు బొప్పన అన్నం ముందు నుంచి లేచి ఆలోచనలో పడ్డాడు. కాటన మోకాలి సంగతి తనకు చెప్పింది మంత్రి. తల్లి జబ్బు సంగతి చెప్పిందీ మంత్రే. కబురు తెచ్చిన మనిషిని తను ఒక్కసారైనా చూడలేదు. ఆ కబుర్లు తెచ్చిందెవరని నేరుగా మంత్రినే అడిగాడు.

“గెలిచేవాడికి ఇవన్నీ ఎందుకు?” అన్నాడు మంత్రి, ఎంతో ప్రేమగా.

మర్నాటి నుంచి బొప్పన ఎటు వెళ్లినా ఒక మనిషి కాస్త దూరంలో నడుస్తూ వచ్చేవాడు. ఇంటి ముందు ఇద్దరు భటులు కూర్చున్నారు. “మీ క్షేమం కోసమే” అన్నారు. బొప్పన తన పాత కుస్తీలన్నీ తలచుకోసాగాడు. కిందటేడు వచ్చిన బలిష్ఠుడు నిజంగా జారాడా, కావాలనే పడ్డాడా? అంతకుముందు వచ్చినవాడు పట్టు ఎందుకు వదిలాడు? ఒక్క అనుమానం అతని గెలుపులన్నిటినీ చెదపురుగులా తినేసింది.

కులదేవతకు మొక్కు ఉందని చెప్పి బయలుదేరాడు. దారిలో తలకు, చెవులకు గుడ్డ చుట్టుకుని ఉప్పు బండ్ల వాళ్లలో కలిశాడు. వెంట వచ్చే మనిషికి అక్కడ అతని జాడ తప్పింది.

కాటన ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. అతని చెవులు కూడా నలిగిపోయే ఉన్నాయి. బొప్పన తలగుడ్డ విప్పాడు. ఒకరికొకరు పేరు చెప్పుకోనక్కరలేకపోయింది.

“ఎవరు పంపారు నిన్ను?” అన్నాడు కాటన.

“ఎవరూ పంపలేదు. నువ్వు ఎందుకు రాలేదో అడిగి, నీతో ఒక పట్టు పట్టి పోదామని వచ్చాను.”

“రాలేదా?” కాటన వల కింద పడేశాడు. “కోట గుమ్మం దాకా వచ్చాను. బొప్పనకు జ్వరం, ఈ ఏడు కుస్తీ లేదని తోసేశారు. లోపల డప్పులు మోగుతూనే ఉన్నాయి. మళ్లీ వచ్చాను, మళ్లీ తోసేశారు. ఆపైన మరో ఏడు బయలుదేరబోతే ఎవరో నా పడవ తగలబెట్టారు. అది నీ పనేననుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను.”

గుడిసెలోంచి కాటన భార్య మాచమ్మ బయటికి వచ్చింది. “ఇతని మాట నమ్మకు. నిన్ను ఇసుకలో పడేశానని చాటింపు వేయించుకోడానికి వచ్చి ఉంటాడు.”

“నేను పడినా చాటిస్తానమ్మా” అన్నాడు బొప్పన.

“ఒట్టు?”

“ఈ చేతుల మీద ఒట్టు.”

ఆటు వచ్చి నీళ్లు వెనక్కి తగ్గాయి. తడి ఇసుక గట్టిగా, చదునుగా బయటపడింది. ఇద్దరూ గోచీలు బిగించి దిగారు. ఇద్దరికీ జుట్టు నెరిసింది, నడుములు పూర్వంలా వంగడం లేదు. కాటన మెడ మీద చెయ్యి వేసిన క్షణంలోనే బొప్పనకు భయం వేసింది. ఎన్నో ఏళ్లుగా ఎరగని భయం. ఈ చెయ్యి అబద్ధం ఆడడం లేదని అతనికి తెలిసిపోయింది.

చాలాసేపు పెనుగులాడారు. ఒకసారి కాటన మోకాళ్ల మీదికి వచ్చాడు గానీ లేచాడు. చివరికి అతను బొప్పన నడుము కింద దూరి భుజం మీదికి ఎత్తి వేశాడు. బొప్పన వీపు ఇసుకను తాకింది. పైన ఆకాశం తప్ప మరేమీ కనిపించలేదు. అతను నవ్వడం మొదలుపెట్టాడు. కాటన అనుమానంగా వంగి చూశాడు. “దెబ్బ తగిలిందా?”

“తగిలింది” అన్నాడు బొప్పన, ఇంకా నవ్వుతూ.

మర్నాడు బయలుదేరి వెళ్లి నిండు సభలో చెప్పాడు. “ప్రభూ, కాటన నన్ను ఓడించాడు. అతను ఎప్పుడూ భయపడలేదు. మనవాళ్లే రానివ్వలేదు.”

రాజు అడిగాడు. “చూసినవాళ్లు ఎవరు?”

“అతని భార్య.”

రాజు అందరినీ బయటికి పంపి దగ్గరికి వచ్చాడు. “ఉత్తరాన ఉన్న శత్రురాజు నా సైన్యాన్ని చూసి ఆగాడనుకున్నావా? నా జెట్టికి ఓటమి లేదని ఆగాడు. ఆ మాట పోతే రేపు ఈ ఊరు తగలబడుతుంది. ఏమీ జరగలేదని చెప్పు.”

“ఒట్టు పెట్టుకున్నాను ప్రభూ.”

రాజు వెనక్కి వెళ్లి సింహాసనం మీద కూర్చున్నాడు. “బొప్పన ఓడిపోడు. నువ్వేమో ఓడిపోయానంటున్నావు. అంటే నువ్వు బొప్పనవి కావు.”

భటులు అతన్ని గుమ్మం అవతల వదిలేశారు.

వసంతం వచ్చింది. బొప్పన జనంలో నిలబడి చూశాడు. డప్పులు మోగాయి. బొప్పన వస్తున్నాడని కేక వేశారు. ఎత్తైన కుర్రవాడొకడు తొడ చరుస్తూ గోదాలోకి దిగాడు. పక్కనున్న మనిషి ఏటేటా ముందు వరసలో నిలబడేవాడే. అతను ఇటు తిరిగి బొప్పన చెవుల వంక చూశాడు. చూసి, మొహం గోదా వైపు తిప్పుకుని, అందరికంటే గట్టిగా ఈల వేశాడు.

బొప్పన సముద్రం దారి పట్టాడు.

అతను చేరేసరికి కాటన గుమ్మంలో ఉన్నాడు. జరిగిందంతా విన్నాడు.

“ఆ కుర్రవాడు గెలిచాడా?”

“గెలిచాడు. ఎదుటివాడు ముట్టుకోగానే పడిపోయాడు. జనం అరుస్తుంటే కుర్రవాడు వాణ్నే చూస్తూ నిలబడ్డాడు. చెయ్యి పట్టుకుని లేపి, చెవిలో ఏదో అడిగాడు. వాడు తల అడ్డంగా ఊపాడు.”

కాటన కోట దారి వైపు చూశాడు. “అయితే అతనూ ఇటే వస్తాడు.”

“ఎప్పటికి?”

“ఆ అనుమానం అతన్ని ఎన్నాళ్లు నిద్రపోనిస్తుందో దాన్ని బట్టి ఉంటుంది.”

మాచమ్మ ఇసుక మీద ఆరేసిన వలలను ఒక్కొక్కటే పక్కకు లాగి, కుస్తీకి చోటు చేయసాగింది.