పదిహేడో పుట

బడిపంతులు కొట్రయ్య ఆ పొద్దు అంబలి ముట్టలేదు. దివాణం నుంచి తాకీదు వచ్చింది. మఠం బడిలో ఉన్న రెండో వాచకాలన్నిటిలోనూ పదిహేడో పుటను సిరాతో కొట్టేయాలట. రేపు గుమాస్తా వచ్చి చూస్తాడట.

ఆ పుటలో ఉన్నది పుట్టివాడి పాట. పుట్టి అంటే తుంగభద్ర మీద తిరిగే గుండ్రటి తోలుపడవ. అంచున ఎవరైనా కూర్చుంటే గిర్రున తిరుగుతుంది. అందులో ఎక్కి కళ్లు తిరగనివాడు ఆ చుట్టుపక్కల పుట్టలేదు, అదలా ఉంచండి. పాటలో రాజుగారు దర్జాగా అంచున కూర్చుంటే పుట్టివాడంటాడు:

రాజైతే యేమి, రాయైతే యేమి,
పుట్టికి బరువేలే, నడుమ కూకో సామి.

కొట్రయ్యకు చిన్నప్పుడు చదువు మీద ఆశ పుట్టింది ఆ పాటతోనే. ఇప్పుడు పిల్లలకు దాన్ని చెప్పకముందే తన చేత్తో చెరపాలి.

"నా వల్ల కాదు స్వామీ. పుస్తకాలు అటకమీద దాచేస్తా," అన్నాడు కొట్రయ్య, తన గురువుగారైన సిద్ధలింగయ్య స్వామి దగ్గరికెళ్లి.

"తాకీదు తాకీదే. సిరా కలుపు," అన్నాడు స్వామి.

కొట్రయ్య మనసు చివుక్కుమంది. ఈయన కూడా భయపడ్డాడా అనుకున్నాడు.

"మన పద్ధతి మాత్రం తప్పొద్దు," అన్నాడు స్వామి మళ్లీ.

తాటాకు గ్రంథాలు రాసుకునే కాలం నుంచీ ఆ మఠంలో ఒక కట్టుబాటు ఉంది. ఏ పంక్తి కొట్టేయాలన్నా ముందు దాన్ని మూడుసార్లు పైకి చదవాలి. విన్నవాళ్లు "ఔను, అదే" అనాలి. పొరపాటున మంచి పంక్తి పోకూడదని.

పుస్తకాలు నలభై. పిల్లలు నలభైమంది. ఒక్కొక్కరే లేచి మూడేసిసార్లు చదివారు, తక్కినవాళ్లు "ఔను, అదే" అన్నారు. అయిదో పుస్తకానికి బూదెమ్మ అనే చిన్నది పలక మీద తాళం వేసింది. పదోదానికి చదివేవాడి కంటే ముందే అందరూ అందుకున్నారు. ఇరవయ్యోదానికి ఎవరూ పుటవంక చూడటం లేదు. ముక్కులకు సిరా, మోచేతులకు సిరా.

కొట్రయ్య కుంచె పట్టుకుని స్వామి వంక చూశాడు. స్వామి కళ్లు మూసుకుని, "ఇంకా ఇరవై ఉన్నాయి నాయనా," అన్నాడు.

మర్నాడు గుమాస్తా వచ్చాడు. ప్రతి పుటా ఎండకు ఎత్తిపట్టి చూశాడు.

"ఒక్క అక్షరం కనిపిస్తే ఒట్టు. పని అంటే ఇది స్వామీ."

"ఇంతకీ ఇందులో ఏముండేదో చదివారా?" అన్నాడు స్వామి.

"శివ శివా. చదవకూడదనే కదా కొట్టించింది."

అప్పటికి పిల్లలు ఏటి ఒడ్డుకు పోయి గొంతెత్తి పాడుతున్నారు. గుమాస్తా కాసేపు విన్నాడు. ఆయనకు తెలియకుండానే వేళ్లు అరుగు మీద తాళం వేశాయి.

"భలే ఉందే. ఏం పాట స్వామీ అది?"

"ఏమోనయ్యా," అన్నాడు స్వామి. "పుస్తకంలో అయితే లేదు."