ఆఖరి పిల్ల వచ్చేదాకా

కుర్చీలన్నీ వేశాక కబురు వచ్చింది. తల్లిదండ్రులు ఎవరూ రావడం లేదు.

కరీముల్లా షా అనే సూఫీ గురువు దర్గా పక్కన ఒక చిన్న బడి నడిపేవారు. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, ముప్పై ఒక్కమంది పిల్లలు. ఊరంతా ఆయన్ని హజ్రత్ అని పిలిచేది. పిల్లల తల్లిదండ్రులంతా ఊరి బయట నాపరాళ్ల గనిలో పనిచేసేవాళ్లే. ఆటల పోటీల కోసం ఒక్కపూట సెలవిస్తానన్న గని మేస్త్రీ, లోడు ఎత్తాల్సిన లారీలు వచ్చేశాయని పొద్దున్నే మాట మార్చాడు.

హజ్రత్ శిష్యుడు గౌస్ ఆ బడిలో పాఠాలు చెప్పేవాడు. ఇంటింటికీ తిరిగి అందరినీ పిలిచింది అతనే. తెల్లవారకముందే లేచి మైదానంలో సున్నం గీతలు గీసిందీ అతనే.

"వచ్చే వారానికి వాయిదా వేద్దాం హజ్రత్. చూసేవాళ్లు లేని పందెం ఎందుకు?" అన్నాడు.

"పిల్లలేమంటున్నారు?"

"వాళ్లదీ అదే మాట. ఎవరు చూస్తారని పరిగెత్తాల సార్ అని ఐదో తరగతి ఓబులేసు అడిగినాడు."

హజ్రత్ లేచి చెప్పులు తొడుక్కున్నారు. "కుర్చీలు లోపల పెట్టించు. ఖాళీగా కనబడితే పిల్లలకు దిగులు" అన్నారు.

ఆ పని అయ్యాక మైదానం చివరికి నడిచి వెళ్లారు. అక్కడున్న ఎర్ర రిబ్బను ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస గౌస్ చేతికిచ్చారు. అవతల గీత దగ్గర నిలబడ్డ పిల్లల్ని కేకేశారు.

"నా దగ్గరికి రండి నాయనా! ఎవరు వస్తారో చూస్తా!"

ముందు ఐదో తరగతి. ఓబులేసు అందరికంటే ముందొచ్చి రొమ్ముతో రిబ్బనును తోసుకుంటూ పోయాడు. రిబ్బను నేల మీద పడింది. అది చూసి వెనకవస్తున్న ఆరుగురూ పరుగు ఆపి నడక మొదలుపెట్టారు.

హజ్రత్ వంగి రిబ్బను ఎత్తారు. దుమ్ము దులిపి మళ్లీ చాచి పట్టుకున్నారు.

"పందెం అయిపోయింది కదా హజ్రత్?" అన్నాడు గౌస్.

"ఇంకా వస్తున్నారుగా."

రెండో పిల్లవాడు ఆ మాట వినలేదు. లేచిన రిబ్బనును మాత్రం చూశాడు. ఒక్క క్షణం నమ్మలేనట్టు ఆగి, ఉన్నట్టుండి పరుగెత్తాడు. వాడి వెనక మూడోవాడు. ప్రతి పిల్లవాడికీ రిబ్బను లేచింది. ప్రతి పిల్లవాడూ దాన్ని పడగొట్టి చేతులు పైకెత్తి అరిచాడు.

"ఎవరు మొదటివాళ్లో నేను రాసుకోవాలి" అన్నాడు గౌస్.

"రాసుకో. రాసుకుని మళ్లీ పట్టుకో."

ఒక్కో తరగతీ పరిగెత్తేసరికి ఎండ ముదిరింది. డెబ్బై దాటిన మనిషి ముప్పై సార్లు వంగారు, ముప్పై సార్లు లేచారు.

చివరికి ఒకటో తరగతిలో నాగవేణి ఒక్కతే మిగిలింది. సగం దూరం వచ్చి ఆగిపోయింది. గని వైపు దారికేసి తిరిగి నిలబడింది. ఎవరూ రారని దానికి తెలుసు. అయినా చూస్తోంది.

"నేను వెళ్లి ఎత్తుకొస్తా" అన్నాడు గౌస్.

"వద్దు. నాన్న కోసం చూస్తోంది. చూడనీ."

ఇద్దరూ అలాగే నిలబడ్డారు. గౌస్ చెయ్యి లాగసాగింది. చెయ్యి దించుదామని హజ్రత్ వైపు చూశాడు. ఆయన పట్టుకున్న కొస మాత్రం కిందికి జారలేదు. పరుగు ముగించిన పిల్లలు ఒక్కొక్కరే వచ్చి రిబ్బను వెనక చేరారు. ఎవరూ చెప్పకుండానే వరసగా నిలబడ్డారు.

చాలాసేపటికి నాగవేణి ఇటు తిరిగింది. అందరూ తనకేసే చూస్తున్నారు. కళ్లు తుడుచుకుని పరుగు అందుకుంది.

అది దగ్గరికి వచ్చేసరికి రిబ్బను దాని నెత్తికంటే ఎత్తులో ఉంది. హజ్రత్ మోకాళ్ల మీద కూర్చున్నారు. గౌస్ కూడా కూర్చున్నాడు. పిల్ల రిబ్బనుతో సహా వచ్చి హజ్రత్ ఒళ్లో పడింది.

"ఇంతసేపూ నాకోసరమేనా తాతా?"

"నువ్వు వస్తున్నావు కదమ్మా."

సాయంత్రం గని నుంచి అందరూ నేరుగా బడికి వచ్చారు. ఒంటినిండా తెల్లటి రాతిపొడి. పిల్లలు తలా ఒక పక్క లాగుతూ తమ పరుగు గురించి చెప్పుకుంటున్నారు. నాగవేణి తండ్రి సుంకన్న గౌస్ దగ్గరికి వచ్చాడు.

"మా పాప పరిగెత్తిందంట గదా సార్. చూడలేకపోతిమి."

గౌస్ చేతిలో పేర్లు రాసిన పుస్తకం ఉంది. అతను దాన్ని తెరవలేదు.

"మేమందరం చూసినాం అన్నా. శానా బాగా పరిగెత్తింది."

సుంకన్న రెండు చేతులూ జోడించాడు. గౌస్ ఆ చేతులు పట్టుకున్నాడు. రాతిపొడి అతని అరచేతులకూ అంటింది.

అందరూ వెళ్లాక గౌస్ నూనె వెచ్చచేసి తెచ్చి గురువు భుజాలకు పట్టించసాగాడు. భుజాలు రాయిలా బిగుసుకుపోయి ఉన్నాయి.

"ఒక్క పిల్ల కోసం అంతసేపు పట్టుకున్నారు హజ్రత్."

హజ్రత్ కళ్లు మూసుకునే నవ్వారు.

"నేను దారికి వచ్చేదాకా మా గురువుగారు నాకోసం పంతొమ్మిదేళ్లు పట్టుకున్నారు, బేటా."